నా బరువు అడిగిన మొదటి మెకానిక్: సస్పెన్షన్ సెట్టింగ్‌కి 14,500 పెట్టాక రాస్తున్న రివ్యూ

ముందుగా ఒక మాట. షాపు పేరు రాయట్లేదు, బండి పేరు కూడా రాయట్లేదు. షాపు సికింద్రాబాద్‌లో ఒక సందులో ఉంది, పనిచేసేది ఇద్దరే అన్నదమ్ములు, వారానికి నాలుగైదు బండ్లకి మించి తీసుకోలేరు. "నెట్‌ల పెట్టకు అన్నా, ఇప్పటికే ఫోన్లు ఎత్తలేక చస్తున్నం" అని పెద్దతను నోరు తెరిచి అడిగాడు, నేను సరేనన్నాను. బండి పేరు రాస్తే దాని అభిమానులు నా మీద పడతారు, అసలు విషయం గాలికి పోతుంది. ముందూ వెనకా దాదాపు 200 ఎంఎం ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం) ఉన్న అడ్వెంచర్ టైపు బండి అనుకోండి, చాలు. పేరు లేని రివ్యూ ఎవడికి కావాలి అంటారా, అక్కడ వాళ్లు ఏం చేశారో తెలిస్తే మీ ఊళ్లో మెకానిక్ చేత చేయించుకోవచ్చు, సగం పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు.

నేను 104 కిలోలు. హెల్మెట్, జాకెట్, బూట్లు అన్నీ వేసుకుంటే 112. ఈ రెండు నంబర్లూ ఆ షాపుకి వెళ్లేదాకా నాకే తెలియవు, ఆ కథ కింద చెప్తాను. బండి కొన్న రెండేళ్లలో నాకు తెలిసిందల్లా ఇది: రాత్రిపూట విజయవాడ హైవే మీద వస్తుంటే ఎదురొచ్చే ప్రతి లారీ డ్రైవరూ నాకు లైటు కొట్టేవాడు, లో బీమ్‌లోనే ఉంది మహాప్రభో అని నేను తిరిగి కొట్టేవాణ్ణి. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక మలుపుల్లో బండి నేను తిప్పిన చోట తిరగకుండా బద్ధకంగా బయటికి జరిగేది. స్పీడ్ బ్రేకర్ మీద కాస్త వేగంగా వెళ్తే చాలు, వెనక "ఠక్"మని నడుములో తగిలేది. ఈ మూడూ మూడు వేరే జబ్బులు అనుకున్నాను. కాదు, ఒకటే. నా బరువుకి బండి వెనక భాగం మరీ కిందికి కూర్చుంటోంది. వెనక దిగితే ముందు లేస్తుంది కాబట్టి హెడ్‌లైట్ చెట్ల కొమ్మలు చూస్తుంది, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) వాలు పెరిగి హ్యాండిల్ మొద్దుబారుతుంది, షాక్, అంటే వెనక షాకబ్జర్, ముందే సగం దిగిపోయి ఉంటుంది కాబట్టి చిన్న గుంతకే అడుగంటుతుంది.

షోరూమ్ సర్వీస్‌లో మూడుసార్లు చెప్పాను. మొదటిసారి "కంపెనీ సెట్టింగ్ సార్, అంతే ఉంటది" అన్నారు. రెండోసారి టైర్లలో గాలి పెంచి పంపారు. మూడోసారి అడ్వైజర్ లోపలికి వెళ్లి వచ్చి, "ఫుల్ హార్డ్ పెట్టించాను సార్, ఇక ప్రాబ్లం ఉండదు" అన్నాడు. ఠక్ శబ్దం కొంచెం తగ్గిన మాట నిజమే కానీ, నేను దిగి బండి స్టాండ్ తీసి నెడుతుంటే వెనక చక్రం ప్రతి చిన్న రాయికీ ఎగిరేది, గుంతలో పడి లేచేటప్పుడు సీటు కింద నుంచి ఎవరో తన్నినట్టు ఉండేది. ఎవరూ టేపు తీసి కొలవలేదు, నా బరువెంతో అడగలేదు. షర్టు కొనడానికి వెళ్తే సైజు అడుగుతారు కదా!

ఇక్కడ మా నాన్న స్ప్లెండర్ గురించి చెప్పాలి. దానికి వెనక రెండు షాకబ్జర్లకీ ఐదు మెట్లు ఉంటాయి, స్ప్రింగ్ కింద ఉన్న గుండ్రటి పళ్ల రింగు తిప్పితే మెట్టు మారుతుంది. క్లాసిక్ 350కి ఆరు మెట్లు. మా ఊళ్లో మెకానిక్ దగ్గర ఆ రింగు తిప్పే సి స్పానర్ ఉండేది కాదు, స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో కొట్టేవాడు. నాన్న బండి వెనక ఎప్పుడూ దాణా బస్తా ఉంటుంది కాబట్టి చివరి మెట్టులో పెట్టించి ఇరవై ఏళ్లుగా అలాగే వదిలేశాడు, బస్తా లేని రోజు ఎందుకు అంత ఎగిరెగిరి పడుతుందో ఎవరూ ఆలోచించలేదు. అన్నట్టు, రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి, ఒకటి రెండులో ఒకటి నాలుగులో ఉన్న బండ్లు నేను కనీసం డజను చూశాను. ఆ సుత్తి వైద్యం మర రింగు ఉన్న మోనోషాక్ (వెనక ఒకటే షాకబ్జర్) మీద మాత్రం చేయకండి, మర పోతే షాక్ మొత్తం మార్చాలి.

ఆఫీసులో ఒక ఫ్రెండ్ చెబితే ఈ షాపుకి వెళ్లాను. బోర్డు కూడా సరిగా లేదు. లోపల గోడకి వేలాడుతున్న ఫోర్కులు, ఒక మూల లేత్, ఇంకో మూల బాత్రూముల్లో వాడే తూకం మిషన్. దాన్ని చూసి పార్సిళ్ల కోసం అనుకున్నాను. పెద్దతను బండి వైపు చూడనే లేదు, నన్ను పై నుంచి కింది దాకా చూసి "ఎంత ఉంటవ్ అన్నా" అన్నాడు. 95 అన్నాను. నవ్వి మిషన్ ముందుకి జరిపాడు. 104. "స్ప్రింగ్ ముందర జూటా నడ్వదన్నా, దొరికిపోతవ్" అన్నాడు. తర్వాత లాంగ్ రైడ్‌కి ఎలా వెళ్తానో అలాగే తయారవమన్నాడు, జాకెట్, బూట్లు, హెల్మెట్, నడుముకి కట్టుకునే బ్యాగ్ సహా. 112. వెనక ఎవరైనా కూర్చుంటారా, వారంలో ఎన్ని రోజులు, పెట్టెలు కడతావా, ఎక్కువగా ఏ రోడ్డు అని అడిగి ఒక అట్టముక్క మీద రాసుకున్నాడు. ఈ పది నిమిషాలకే నా డబ్బు సగం వసూలైందని నా లెక్క.

కొలిచే పద్ధతి చెప్తాను, ఇది ఎవరైనా చేసుకోవచ్చు, కావాల్సింది ఒక టేపు, ఇద్దరు మనుషులు. వెనక చక్రం యాక్సిల్ మధ్య నుంచి నిటారుగా పైకి, టెయిల్ ప్యానెల్ మీద ఒక చోట టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టాలి. మొదట చక్రం గాల్లో వేలాడేలా బండిని ఎత్తి కొలవాలి, నా బండికి 612 ఎంఎం వచ్చింది. తర్వాత బండిని నేల మీద నిటారుగా నిలబెట్టి, ఎవరూ ఎక్కకుండా కొలవాలి. ఆ తర్వాత మనం గేర్ అంతా వేసుకుని, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చుంటే ఇంకొకరు ముందు పట్టుకోవాలి, మూడోవాడు కొలవాలి (టేపుకి ఒకరు, బండికి ఒకరు, మీద మనం, అంటే మొత్తం ముగ్గురు, ఇద్దరు అన్నది మనల్ని మినహాయించి). ఒకసారి చూసి వదిలేయకూడదు. సీల్స్, బుష్‌ల రాపిడి వల్ల షాక్ ఎక్కడో ఒక చోట పట్టేసి ఆగుతుంది కాబట్టి, కిందికి నొక్కి మెల్లగా వదిలి ఒకసారి, పైకి ఎత్తి మెల్లగా వదిలి ఒకసారి కొలిచి సగటు తీయాలి.

వేలాడుతున్నప్పటి కొలతలోంచి కూర్చున్నప్పటి కొలత తీసేస్తే వచ్చేదే శాగ్, అంటే మన బరువుకి బండి ఎంత దిగిందన్న లెక్క. మామూలు రోడ్డు బండ్లకి 30 నుంచి 40 ఎంఎం ఉంటే బాగుంటుందంటారు, నా బండిలా ట్రావెల్ ఎక్కువ ఉన్నవాటికి మొత్తం ట్రావెల్‌లో దాదాపు మూడో వంతు, 60, 65 అలా. షోరూమ్‌వాళ్లు పెట్టిన ఫుల్ హార్డ్‌లో ముందు కొలిచారు, నాతో 70 వచ్చింది. పర్లేదే అనుకున్నాను నేను. పెద్దతను మాత్రం రెండో నంబర్ చూపించాడు: నేను లేకుండా బండి తన బరువుకి దిగింది 4 ఎంఎం మాత్రమే. అంటే దాదాపు చివరికంటా సాగి నిలబడి ఉంది. తర్వాత కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అక్కడికి వదులు చేసి కొలిచారు, నాతో 88, నేను లేకుండా 22.

అసలు కిటుకు ఇక్కడే ఉంది, నాకు రెండేళ్లు అర్థం కానిది కూడా ఇదే. 88లోంచి 22 తీసేయండి, 66. 70లోంచి 4 తీసేయండి, 66. ప్రీలోడ్, అంటే రింగు తిప్పి స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచడం, ఎంత బిగించినా నేను ఎక్కినప్పుడు బండి అదనంగా దిగేది ఆ 66 ఎంఎం దిగుతూనే ఉంది! ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు, బండి నిలబడే ఎత్తు మాత్రమే మారుతుంది. హార్డ్, సాఫ్ట్ అని మనం అనే మాటే తప్పు. స్ప్రింగ్‌కి దాని గట్టితనం తయారైనప్పుడే వస్తుంది, ఎన్ని కిలోలు వేస్తే ఒక ఎంఎం దిగుతుందన్నది రింగు తిప్పితే మారదు. నాతో కొలిస్తే సరిగ్గా ఉండి, నేను లేకుండా కొలిస్తే బండి అసలు దిగకపోతే స్ప్రింగ్ మెత్తనిది అని అర్థం. నాతో సరిగ్గా ఉండి, ఖాళీ బండి బాగా దిగుతుంటే అది నాకు మరీ గట్టిదని అర్థం. 60 కిలోలవాళ్లకి కొన్ని పెద్ద బండ్ల మీద ఈ రెండో బాధ ఉంటుందట, వాళ్లకి నా సానుభూతి, కొంచెం అసూయ కూడా.

కాబట్టి నాకు కావాల్సింది వేరే స్ప్రింగ్. షాక్ మొత్తం మార్చు, ఖరీదైన ఓలిన్స్ కంపెనీది వేసుకో అని సలహా ఇచ్చేవాళ్లు నాకు చాలామందే ఉన్నారు, వాళ్లెవరూ డబ్బులిచ్చేవాళ్లు కాదు. బీఎండబ్ల్యూ జీఎస్ లాంటి బండ్లలో కొన్ని మోడళ్లకి ఎంత బరువు ఎక్కిందో బండే చూసుకుని ప్రీలోడ్ దానంతట అదే సర్దుకుంటుంది, మనకి అంత యోగం లేదు. వీళ్లు ఉన్న షాక్‌కే దాదాపు పావు వంతు గట్టి స్ప్రింగ్ తెప్పిస్తామన్నారు. రెండు వారాలన్నారు, ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లో నేను చేసిన ఫోన్లలో సగానికే జవాబు వచ్చింది. ఇది వాళ్ల మీద నా మొదటి ఫిర్యాదు.

ఈలోగా ముందు పని చేసేశారు. నా ఫోర్క్‌కి బయట తిప్పేది ఏమీ లేదు, చాలా బండ్లకి అంతే. పైన మూత విప్పితే స్ప్రింగ్ మీద ఒక పైపు ముక్క ఉంటుంది, దాని స్థానంలో లేత్ మీద అంతకంటే 10 ఎంఎం ఎక్కువ పొడవున్నది చేసి పెట్టారు, నాతో 68 దిగేది 58కి వచ్చింది. పాత ఫోర్క్ ఆయిల్ తీసినప్పుడు చూశాను, మురిక్కాలవ నీళ్లలా ఉంది, వాసన ఇంకా ఘోరం. సీల్స్ కొత్తవి వేసి, కొత్త 10డబ్ల్యూ (చిక్కదనం నంబర్) ఆయిల్ పోసి, లెవెల్ ముందున్న దానికంటే కొంచెం పైకి పెట్టారు. ఆయిల్ పైన మిగిలే గాలి కూడా స్ప్రింగ్‌లాగే పనిచేస్తుంది, ఆ ఖాళీ తగ్గిస్తే బ్రేక్ గట్టిగా కొట్టినప్పుడు చివర్లో ముందు భాగం మరీ కుంగిపోకుండా ఆపుతుంది. పది ఎంఎం తేడాకే ఇంత మార్పా అని ఇంటికి వెళ్లేటప్పుడు ప్రతి సిగ్నల్ దగ్గరా కావాలని బ్రేక్ కొట్టి చూశాను, వెనక ఆటోవాడు తిట్టాడు.

స్ప్రింగ్ వచ్చాక వెనక బిగించి మళ్లీ కొలిచారు. నాతో 66, ఖాళీగా 13. తేడా 53కి వచ్చింది. ఈ నంబర్లు చూసి ఆ తమ్ముడి ముఖంలో వచ్చిన సంతోషం చూడాలి, పరీక్షలో వాడికే ఫస్ట్ క్లాస్ వచ్చినట్టు. బండి ఎత్తు మారింది కాబట్టి చైన్ లూజు మళ్లీ చూశారు, హెడ్‌లైట్ కిందికి దించారు. సైడ్ స్టాండ్ మాత్రం మర్చిపోయారు. కంపెనీ సెట్టింగ్‌తో పోలిస్తే బండి ముందూ వెనకా లేచింది కదా, స్టాండ్ వేస్తే అప్పటికంటే ఎక్కువ వాలుతోంది, నేనే మళ్లీ వెళ్లి స్టాండ్ అడుగున ఒక ఇనుప ముక్క వెల్డింగ్ పెట్టించుకున్నాను. ఇది రెండో ఫిర్యాదు, చిన్నదే.

మూడోది చిన్నది కాదు. గట్టి స్ప్రింగ్ వేస్తే అది తిరిగి లేచేటప్పుడు కూడా గట్టిగా తంతుంది, దాన్ని పట్టి ఆపడానికి రీబౌండ్ (షాక్ తిరిగి లేచే వేగాన్ని సర్దే సెట్టింగ్) కూడా కొంచెం బిగించాలి. నా షాక్‌కి కింద ఒక స్క్రూ ఉంది, గడియారం దిశలో పూర్తిగా బిగించి అక్కడి నుంచి వెనక్కి క్లిక్‌లు లెక్కపెట్టాలి. ముందు పది క్లిక్‌ల దగ్గర ఉండేది. పెద్దతను నాలుగుకి పెట్టాడు. షాపు ముందు సీటు నొక్కి చూస్తే మహా దర్జాగా, మెత్తగా లేస్తోంది, భలే ఉంది అనుకుని వచ్చేశాను. మర్నాడు పొద్దున మన సిటీలో వరసగా ఐదారు సన్న గీతల్లా వేస్తారు చూడండి, ఆ రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్తే మొదటి రెండూ తెలియలేదు, నాలుగోది వచ్చేసరికి వెనక రాయిలా అయిపోయింది, ఆరోదానికి పళ్లు కొట్టుకున్నాయి. జరిగిందేమిటంటే రీబౌండ్ మరీ బిగించడం వల్ల షాక్ ఒక గీత మీద దిగి తిరిగి లేచేలోపే రెండో గీత వచ్చి ఇంకా దించేస్తోంది, అలా మెట్టుమెట్టుగా అడుగుకి చేరిపోతోంది. కొత్త స్ప్రింగ్ దండగైందని ఆ రోజంతా టెన్షన్. సాయంత్రం వెళ్తే పెద్దతను ఏడుకి తిప్పి, "నాతోనే తప్పైంది అన్నా, నొక్కి చూస్తే చాలనుకున్న, రోడ్డు మీద చూడాల్సుండె" అన్నాడు. తప్పు ఒప్పుకునే మెకానిక్‌ని చూసి నాకు మాట రాలేదు. ఏడు దగ్గర ఇప్పుడు బాగుంది, ఆరు కూడా చూశాను, నాకు ఏడే నచ్చింది.

ఇప్పుడు ఎలా ఉందంటే, లారీవాళ్లు లైటు కొట్టడం మానేశారు. పోయిన నెల శ్రీశైలం వెళ్లాను, దోర్నాల వైపు దిగే ఘాట్‌లో బండి చూసిన చోటికి వెళ్తోంది, అంతకంటే గొప్పగా చెప్పడం నాకు రాదు. ఠక్ శబ్దం పోయింది. కానీ ఒక నిజం: తక్కువ వేగంలో చిన్న చిన్న గతుకుల మీద మునుపటికంటే కొంచెం బిరుసుగా ఉంది. సోఫా సుఖం కావాలనుకుంటే నిరాశపడతారు.

ఖర్చు: కొలిచి సెట్ చేసినందుకు 1,500, ముందు ఫోర్క్ పని ఆయిల్, సీల్స్‌తో 3,200, వెనక స్ప్రింగ్ బిగింపుతో కలిపి 9,800. మొత్తం 14,500. బిల్లు అడిగితే అదే అట్టముక్క వెనక రాసిచ్చారు. కూర్చోవడానికి ఒక్క స్టూలు, దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఫోర్క్ పడుకుని ఉంటుంది. చాయ్ మాత్రం రెండుసార్లు తెప్పించారు.

అందరికీ స్ప్రింగ్ అక్కర్లేదు. మీరు 65, 75 మధ్య ఉంటే ముందు ఇంట్లో కొలుచుకోండి, చాలావరకు ప్రీలోడ్ నాలుగు తిప్పులతో అయిపోతుంది, కొలిచి సెట్ చేసే 1,500 పని కూడా అవసరం పడకపోవచ్చు. 90 దాటి ఉండి, ఒక్కరే ఎక్కువగా లాంగ్ రైడ్లు చేసేవాళ్లయితే ఖాళీ బండి కొలత తప్పకుండా చూడండి. షాక్‌లోంచి ఆయిల్ కారుతుంటే ముందు అది బాగు చేయించండి, కారే షాక్ మీద శాగ్ కొలవడం చిల్లుకుండకి రంగు వేసినట్టు. కొలిచే ముందు టైర్ల గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూడండి, నాకు రెండోసారి సర్వీస్‌లో అతిగా కొట్టిన గాలి వల్ల బండి ఎలా ఉందో నెల రోజులు అర్థం కాలేదు.

వెనక మా ఆవిడ కూర్చున్నప్పటి సెట్టింగ్ కూడా చేయించాను. ఆమె బరువు అడిగినప్పుడు పెద్దతనికి నా మీద చూపిన ధైర్యం రాలేదు, మిషన్ వైపు చూశాడు, ఆవిడ చూపు చూసి, "ఒక అరవై రాస్కుంటం లే అక్కా" అన్నాడు. ఆమెతో వెళ్లేటప్పుడు ప్రీలోడ్ రింగు ఐదు చుట్లు బిగించాలి, రీబౌండ్ ఒక క్లిక్ బిగించాలి. ఈ రెండు వరసలు ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి సీటు కింద అంటించాను. సి స్పానర్ కూడా అక్కడే ఉంటుంది. తిప్పడానికి పది నిమిషాలు పడుతుంది, చెయ్యి నల్లగా అవుతుంది, వారం వారం మార్చే ఓపిక మాత్రం లేదు, ఊరు దాటి వెళ్తేనే మారుస్తాను.

సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు నాన్న స్ప్లెండర్‌ని చివరి మెట్టు నుంచి రెండో మెట్టుకి దించాను, బస్తా ఉన్న రోజు మళ్లీ పెంచుకోమని సి స్పానర్ ఒకటి ఇచ్చి వచ్చాను. బాగానే ఉందన్నాడు. సీటు కింద కాగితంలో మూడో వరస ఆయన కోసం ఖాళీగా ఉంచాను, 61 కిలోలు, నా బండి ఎక్కితే ఎంత దిగుతుందో చూద్దామని టేపు తీశాను. ఆయన కాలెత్తి చూసి, నేల అందేలా లేదని ఎక్కనన్నాడు.